మాత్ర కంటే ముందు చుక్కలు

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ గల్లీలో చూసినా అమ్మానాన్నలు ఇక్కడ, పిల్లలు అమెరికాలో. నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చి ఇటే ఇల్లు కట్టుకున్న తరం అది. పిల్లలు సెలవులకు వస్తే పెట్టెల్లో చాక్లెట్లతోపాటు విటమిన్ సీసాలూ దిగుతాయి. చైతన్యపురిలో మా పక్కింటి పెద్దమ్మ అలాంటి సీసా ఒకటి చూపించింది. "మా పెద్దోడు తెచ్చిండు బిడ్డా. పొద్దునొకటి, రాత్రొకటి ఏసుకుంటున్న. కండ్లు మంచిగుంటయంట." అయిపోయినప్పుడు మెడికల్ షాపులో అలాంటివే కొనుక్కుంటుందట. కళ్లెవరు చూశారని అడిగితే అద్దాల షాపు అబ్బాయి అంది.

ఆ "మంచిగుంటయంట" గాలిమాట కాదు. వయసు మళ్లాక రెటీనా నడిమధ్యన ఉండే మాక్యులా దెబ్బతినే జబ్బొకటుంది. గది అంచులన్నీ కనిపిస్తూనే ఉంటాయి, ఎదురుగా కూర్చున్న మనవరాలి ముఖమే చెదిరిపోతుంది. ఈ జబ్బు మీద అమెరికాలోని నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ ఆరెడ్స్ అనే పెద్ద అధ్యయనం చేసి 2001లో ఫలితాలు చెప్పింది. అందులో పరీక్షించింది విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్, జింక్, కాస్త రాగి కలిపిన మాత్రలను. జబ్బు మధ్య దశకు చేరినవాళ్లకీ, ఒక కన్ను అప్పటికే పాడైనవాళ్లకీ ఇచ్చి ఐదేళ్లకు ఏమైందో చూశారు. మందు లేని ఉత్త మాత్రలు మింగినవాళ్లలో నూటికి 28 మందికి జబ్బు ముదిరింది. అసలు మాత్రలు వేసుకున్నవాళ్లలో నూటికి 20 మందికే.

ఈ లెక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. మాత్రల ఖర్చు రోజుకు 15 రూపాయలనుకుందాం. ఐదేళ్లకు మనిషికి 27 వేల చిల్లర. ఎవరు ఆ ఎనిమిది మందో ముందు తెలియదు కనుక నూరుమందీ వేసుకోవాలి. అంటే అందరి ఖర్చూ కలిపి ఆ ఎనిమిది మందికి పంచితే, ఒక్కరికి జబ్బు ముదరకుండా ఆపడానికి దాదాపు 3 లక్షల 40 వేలు. నాకది ఎక్కువనిపించదు. ముదిరి తడి రకంగా మారితే కంట్లోకి మళ్లీ మళ్లీ ఇంజెక్షన్లు చేయించుకోవాలి, పోయిన చూపు పూర్తిగా తిరిగొస్తుందన్న హామీ కూడా ఉండదు.

అయితే ఇదే మాత్ర తొలిదశలో ఉన్నవాళ్ల చేతిలో పడితే లెక్కంతా తలకిందులవుతుంది. ఆ అధ్యయనంలోనే తొలిదశవాళ్లలో ఐదేళ్లకు జబ్బు ముదిరింది నూటికి ఒకరికో, అంతకు కాస్త ఎక్కువకో. ఆపడానికే ఏమీ లేనిచోట మాత్ర ఏం ఆపుతుంది? శుక్లాల మీదా అది పనిచేయలేదు. మన దగ్గర కళ్లు మసకేసిన పెద్దవాళ్లలో ఎక్కువమందికి కావలసింది శుక్లం ఆపరేషనో, సరైన కళ్లద్దాలో. 1996 నుంచి 2000 దాకా ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ హైదరాబాద్‌లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనూ పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. అంధత్వంలో సగానికి మించి శుక్లాల వల్లా, సరైన కళ్లద్దాలు లేకపోవడం వల్లా వచ్చిందే. మాక్యులా జబ్బు నలభై దాటినవాళ్లలో నూటికి ఇద్దరికన్నా తక్కువమందికే. చుట్టలు బాగా కాల్చేవాళ్లలో అది ఎక్కువగా ఉందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. మా తాతల తరం గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

2013లో వచ్చిన రెండో ఆరెడ్స్ బీటా కెరోటిన్ తీసేసి ల్యూటిన్, జియాజాంథిన్ పెట్టమంది. పొగ తాగేవాళ్లకు, తాగి మానేసినవాళ్లకు బీటా కెరోటిన్‌తో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ల్యూటిన్ సరూర్‌నగర్ రైతుబజార్‌లో కట్టలుగా దొరికే పాలకూరలోనూ ఉంది. ఆకుకూర ఎవరు తిన్నా మంచిదే. కానీ మధ్య దశ జబ్బుకు ఆ మాత్రల్లోని 80 మిల్లీగ్రాముల జింక్ ఏ కూరతోనూ రాదు, అక్కడ మాత్రే కావాలి.

ఏ దశో తెలియాలంటే కంట్లో చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి రెటీనా చూడాలి. తర్వాత గంటల తరబడి వెలుతురు పడదు, ఎదుటివి మసకగా ఉంటాయి. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాలి. పెద్దమ్మ ఎగ్గొట్టింది అందుకే. కొడుకు సీసాలు ఎన్నైనా తేగలడు, ఆ పూట పక్కన కూర్చోలేడు. ఆ బాధ అతనికీ ఉండే ఉంటుంది, సీసా అందుకే తెచ్చి ఉంటాడు.

ఈ సోమవారం నేను తోడు వెళ్తానన్నాను. ఈలోగా ఒక్కో కన్నూ మూసుకుని కిటికీ ఊచల్ని చూడమన్నాను. నిటారు ఊచ వంకరగా కనిపిస్తే సోమవారం దాకా ఆగకుండా ఆ పూటే బయల్దేరతాం. డాక్టరమ్మ మధ్య దశ అంటే సీసా కొనసాగుతుంది. ఇక్కడ కొన్నా ఒక్కో కంపెనీది ఒక్కో మోతాదు కనుక లేబుల్ చదివి జింక్, ల్యూటిన్ సరిచూసి తెస్తాను. కాదు, శుక్లమే అంటే, మాత్రలు ఆపి ఆపరేషన్ తేదీ అడగాలి. ఆ సంగతి పెద్దోడికి ఫోన్ చేసి నేనే చెబుతాను.