తుప్పు పట్టే చోటు

ఈ వారం ఒక బొమ్మ జీపు గురించి రాస్తున్నాను. పాస్టరు గారికి బొమ్మలతో ఏం పని అనుకోకుండా చివరిదాకా చదవండి.

జనవరిలో మా పెద్దోణ్ణి నాంపల్లి నుమాయిష్‌కు తీసుకెళ్ళాను. ఆదివారం మనకు కుదరదు కదా, సోమవారం వెళ్ళాం. అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద ఆదివారాలు పరిచే పాత పుస్తకాలు ఇన్నేళ్ళుగా నాకు అందనిది కూడా ఇందుకే. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలైన ఈ నుమాయిష్ ఇప్పుడు ఎగ్జిబిషన్ మైదానంలో ఏటా జనవరి 1 నుంచి నెలన్నర పాటు జరుగుతుంది. అక్కడ ఒక దుకాణంలో రిమోట్‌తో నడిచే ఎర్ర జీపు చూసి వాడు కదల్లేదు. బేరమాడి కొన్నాను.

ఇంటికి తెస్తే మా నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం జీపురా, పెండ్లి పల్లకి లెక్కున్నది. జీపంటే తుప్పుండాలె" అన్నాడు.

"అయితే తాతా, దీన్ని నీ జీపు లెక్కనే చేద్దాం" అన్నాడు మావాడు.

మీలో పెద్దవాళ్ళకు నాయిన జీపు గుర్తుండే ఉంటుంది. మన ఊరికి బస్సు సరిగా రాని రోజుల్లో మండలానికి వెళ్ళాలన్నా, పురిటి నొప్పులు వచ్చినా, పెళ్ళి సామాను తేవాలన్నా అదే దిక్కు. లోపల పదిమంది, వెనక వేలాడుతూ నలుగురు. పాత ఆకుపచ్చ రంగు, దాని మీద మచ్చలు మచ్చలుగా తుప్పు.

తరువాతి సోమవారం మళ్ళీ పట్నం వెళ్ళాం. ట్రూప్ బజార్‌లో చిన్న డబ్బా రెడ్ ఆక్సైడ్, ఆకుపచ్చ స్ప్రే డబ్బా, మెరుపు లేని క్లియర్ స్ప్రే కొన్నాం. అబిడ్స్‌లో జనరల్ పోస్టాఫీసు దాటాక ఒక స్టేషనరీ దుకాణంలో ముదురు గోధుమ, నారింజ అక్రిలిక్ ట్యూబులు దొరికాయి. రెడ్ ఆక్సైడ్ అంటే మీకు తెలిసిందే, వెల్డింగ్ షాపుల్లో ఇనుప గేటుకు మొదట కొట్టే రంగు. చిత్రమేమిటంటే ఆ ఎరుపు ఇనుము ఆక్సైడుదే, తుప్పులో ఉండేదీ ఇనుము ఆక్సైడే. మన ఆడవాళ్ళు అరుగులకు పూసే జాజు ఎరుపూ దానిదే. అంటే తుప్పు రంగు కోసం మేము పట్నం దాకా వెళ్ళనక్కరలేదు, అది మన గడప మీదే ఉంది.

పిల్లలు అడుగుతారని పని ఎలా చేశామో చెబుతాను. పందేల్లో పరుగెత్తే రిమోట్ కార్లలో చాలావాటికి పల్చని పారదర్శక ప్లాస్టిక్ బాడీ ఉంటుంది, దానికి రంగు లోపలి వైపు వేస్తారు. మాది గట్టి ప్లాస్టిక్ కాబట్టి పైనే వేశాం. ముందు బాడీని ఊడదీసి మోటారు, బ్యాటరీ పక్కన పెట్టాలి. సబ్బునీళ్ళతో కడిగి, ఆరాక సన్నని సాండ్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దాలి. రెడ్ ఆక్సైడ్ పల్చగా పూసి పూర్తిగా ఎండనివ్వాలి. తరువాత తుప్పు కావాలనుకున్న చోట నీళ్ళతో తడిపి దొడ్డుప్పు చల్లాలి. ఉప్పు ఎండి అతుక్కున్నాక దాని మీద ఆకుపచ్చ స్ప్రే కొట్టాలి. అదీ ఎండాక తడి బ్రష్‌తో రుద్దితే ఉప్పు రాలిపోతుంది, ఉప్పు ఉన్నచోట రంగు లేచిపోయి కింది ఎరుపు బయటపడుతుంది.

మొదటిసారి పాడైంది. నా తొందరే కారణం. రెడ్ ఆక్సైడ్ పైకి ఎండినట్టు కనబడింది, లోపల పచ్చిగానే ఉంది. స్ప్రే పడగానే రంగంతా ముడతలు పడింది. మొత్తం గీకి మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి రెండు రోజులు ఆగాం.

రెండోసారి బాగా వచ్చింది. పాత్రలు తోమే స్పాంజి ముక్కతో అంచుల మీద ముదురు గోధుమ అద్దాం, ఎందుకంటే పాత తుప్పు నల్లబడుతుంది. దాని మధ్య నారింజ చుక్కలు పెట్టాం, అది కొత్త తుప్పు. అదే రంగును నీళ్ళలో బాగా కలిపి వాన కారినట్టు పైనుంచి కిందికి గీతలు లాగాం. జాజు పొడి పొడిబ్రష్‌తో అద్ది, చివర క్లియర్ స్ప్రే కొట్టాం. బానెట్ నిండా తుప్పు. ఇద్దరం గొప్పగా తీసుకెళ్ళి నాయినకు చూపించాం.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూశాడు. "బానెట్ మీద ఎందుకేసిండ్రు? అక్కడ నీళ్ళు నిలవయి, ఇంజను వేడికి ఆరిపోతయి. కారే నీళ్ళతోని కాదు బిడ్డా, నిలిచే నీళ్ళతోని తుప్పు. టైర్ల మీద రేకులల్ల బురద ఇరుక్కుంటది చూడు, అక్కడ పడతది. తలుపుల కింద పడతది. అన్నిటికన్న ఎక్కువ మ్యాట్ కింద. మ్యాట్ తీస్తే నాకు రోడ్డు కనబడేది. ఎక్కినోళ్ళు భయపడతరని తియ్యకపోతుంటి."

ఆ మాటతో నా గుండె ఆగినంత పనయింది.

ప్రియులారా, పట్నంలో నేను వాక్య శిక్షణ పొందుతున్న రోజుల సంగతి ఇది. ఒక సంక్రాంతి తరువాత నాయిన ఊరివాళ్ళను జీపులో నుమాయిష్‌కు తెచ్చాడు. నేను గాంధీభవన్ వైపు గేటు దగ్గర నా తోటి విద్యార్థులతో నిలబడి ఉన్నాను. జీపు ఆగింది. నాయిన నన్ను ఇంటి పేరుతో కాదు, ముద్దుపేరుతో పిలిచి, అమ్మ పంపిన సకినాల డబ్బా చేతికిచ్చాడు. ఆ తుప్పు జీపును, మాసిన అంగీని చూసి ఒకడు ఎవరని అడిగాడు. "మా ఊరి జీపు డ్రైవర్" అన్నాను.

పేతురు మంట దగ్గర నిలబడి ఎరగనన్న భాగాన్ని నేను మీకు చాలాసార్లు బోధించాను. ప్రతిసారీ అక్కడ కొంచెం తొందరగా దాటిపోయేవాణ్ణి. ఎందుకో మీలో ఎవరూ అడగలేదు. ఇరవై ఏళ్ళకు పైగా దాని మీద మ్యాట్ పరిచి, మీ అందరినీ ఎక్కించుకుని నడుపుతున్నాను.

ఆ రాత్రి నాయిన మంచం పక్కన కూర్చున్నాను. "నాయినా, నుమాయిష్ కాడ ఆ రోజు నేనొక మాటన్న" అని మొదలుపెట్టాను.

"ఇన్న" అన్నాడు. "అద్దాలు లేని జీపు గదా, ఇనబడకుంటె ఎట్ల?"

నాకు నోట మాట రాలేదు.

"డ్రైవరన్నవ్. డ్రైవర్నే గదా." కొంచెంసేపు ఆగి, "సకినాలన్న తిన్నవా మరి?" అని అడిగాడు.

"అందరు పండుకున్నంక ఒక్కన్నే తిన్న నాయినా."

"అట్లయితే సరే" అని అటు తిరిగి పడుకున్నాడు.

సరే అన్నాడు గానీ ఏమీ కాలేదని అనలేదు. నేనూ అలా అనిపించుకోవాలని చూడలేదు. కానీ తెల్లవారి ఆయనే మావాణ్ణి పిలిచి, బానెట్ మీది తుప్పు చెరిపించి మళ్ళీ ఆకుపచ్చ కొట్టించాడు. రేకుల కింద, తలుపుల కింద ఎక్కడెక్కడ అద్దాలో వేలుతో చూపించాడు. చివరికి వాడు జీపును తిరగేసి డ్రైవరు కాళ్ళ కింద ఎవరికీ కనబడని చోట ఒక మచ్చ పెట్టాడు. ఆయన ఇన్నాళ్ళూ రోడ్డు చూసిన చోటు అదే.

చిమ్మెట, తుప్పు గురించి ప్రభువు కొండమీద చెప్పిన మాట మీకందరికీ తెలుసు. నాకు మాత్రం ఇప్పుడు తుప్పంటే నాయిన మాటే ముందు గుర్తొస్తుంది. నలుగురి ముందు కారిపోయిన కన్నీళ్ళు మనల్ని అంతగా తినవు. లోపల నిలవ ఉంచుకున్నదే తింటుంది.

మీ అమ్మానాన్నలు బతికి ఉండి, వాళ్ళకు మీరు చెప్పవలసిన మాట ఏదైనా ఉంటే, దాన్ని వచ్చే పండుగకు వాయిదా వేయకండి. ఈ రోజే ఫోన్ చేయండి. వాళ్ళకు ఎప్పుడో తెలిసే ఉండవచ్చు. అయినా చెప్పండి.

బొమ్మలకు తుప్పు వేయడం నేర్చుకోవాలనుకునే పిల్లలు శనివారం సాయంత్రం మా ఇంటికి రండి. స్పాంజి ముక్క, గుప్పెడు దొడ్డుప్పు తెచ్చుకోండి. ఎక్కడ వేయాలో తాత చెబుతాడు.