జాగ

మా మడికొండల మెట్టుగుట్ట రామలింగేశ్వరస్వామి గుడికి ఫొటోలు లెక్కలేనన్ని. శివరాత్రి జాతరకు వచ్చినోడల్లా తీసుకపోతడు. డప్పు కొట్టి కొట్టి చేతులు కాయలు కాసిన మా తాతది ఒక్క ఫొటో లేదు. మా అయ్య మొఖం ఓటరు కార్డు మీద ఉన్నది, అదీ గుర్తువట్టరాదు. చరిత్ర రాసుకున్నోళ్లదని చదువుకున్నోళ్లు అంటరు. నాది వీడియో పని కాబట్టి నాకు ఇంకో తీరు కనబడ్డది. డిస్కుల జాగ ఎవరికుంటే వాళ్ల పెండ్లే మిగులుతది.

2004ల హన్మకొండల ఒక స్టూడియోల ఎడిటింగుకు కుదిరిన. అప్పుడన్నీ మినీ డీవీ క్యాసెట్లు. గంట క్యాసెట్ కంప్యూటర్లకు ఎక్కిస్తే 13 జీబీ తింటది. మా కంప్యూటర్ల డిస్కు మొత్తం 40 జీబీ. మూడు క్యాసెట్ల పెండ్లి వచ్చిందంటే సగం ఎక్కించి, కోసి, సీడీ చేసి, తుడిచి, మళ్ల ఎక్కించుడే.

ఆ ఏడు మా వాడకు ఒక డక్కలి పెద్దమనిషి వచ్చిండు. బొమ్మల పటం విప్పి జాంబపురాణం చెప్పిండు. డక్కలోళ్లు మాదిగోళ్ల మీద ఆధారపడ్డ కులం. మా పుట్టుక కథ మాకే చెప్పి, మా దగ్గరనే అడుక్కోవాలె. ఊరు మమ్ముల వాడకు తోలితే మేం వాళ్లను వాడ అవుతలకు తోలినం. ఇది కూడా రాయాలె. ఆయన మా గడప తొక్కకుండ బయటనే కూసున్నడు.

కెమెరా బతిమిలాడి తెచ్చి, టేపులు నా జీతంల కొని, మూడు గంటలు తీసిన. రాత్రి మొదటి క్యాసెట్ స్టూడియోల ఎక్కించిన. తెల్లారి పోతే ఫోల్డర్ లేదు. నా టేపుల మీద ఎవరిదో రిసెప్షన్ తీసుకొచ్చిన్రు. "పెండ్లోళ్లు పైసలిస్తరు. అడుక్కునేటోని పాటకు జాగేడికెల్లి తేవాల్నోయ్?" అన్నడు సేటు. నేనేం మాట్లాడలేదు. ఆ నెల నుంచే చీటీ కట్టిన.

2006ల చీటీ ఎత్తి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు కొన్న. 160 జీబీ. పన్నెండు క్యాసెట్లు పడతయి. "గిదేంది బిడ్డా, వక్కల డబ్బా లెక్కున్నది" అన్నది మా అవ్వ. డక్కలి తాతను వెతుక్కుంట పోయిన. బతికే ఉన్నడు. మళ్ల చెప్పిండు.

ఎక్కిస్తుంటే ఇర్వై నిమిషాలకు ఆగింది. మళ్ల పెడితే మళ్ల ఇర్వై నిమిషాలకే. డిస్కు చెడ్డదన్నరు అందరు. కాదు. అది ఫ్యాట్32 పద్ధతిల వచ్చింది. దాంట్ల ఒక్క ఫైలు 4 జీబీ దాటరాదు, ఎంత జాగ ఖాళీ ఉన్నా సరే. ఎన్‌టీఎఫ్‌ఎస్‌కు మార్చినంక గంటంతా ఎక్కింది. తర్వాత కరెంటు బాధ. ఆ డిస్కుకు వేరే అడాప్టర్. కరెంటు పోతే కంప్యూటర్ యూపీఎస్ మీద నడుస్తది, డిస్కు ఆగుతది, రాస్తున్న ఫైలు సగంల తెగుతది. దాన్ని గూడ యూపీఎస్‌కే తగిలించిన. వైరు సంగతి ఇంకోటి. పాత యూఎస్‌బీ సెకనుకు 12 మెగాబిట్లే, డీవీ బొమ్మకు 25 కావాలె. పాత కంప్యూటర్ల మీద బొమ్మ ఆగాగి నడిచేది అందుకే. యూఎస్‌బీ 2.0 వాళ్లు 480 అని రాసుకున్నరు. అంత రాదు, కని సాలుతది.

ఈ పని మా చేతులకు రాదనేటోళ్లకు జహీరాబాదు దిక్కు పస్తాపూర్ చూపిస్త. డీడీఎస్ కమ్యూనిటీ మీడియా ట్రస్టుల దళిత ఆడోళ్లు, చేన్ల కలుపు తీసిన చేతులతోనే కెమెరా పట్టిన్రు. 2003ల వాళ్లు తీసిన ఫిలిం మా వరంగల్ బీటీ పత్తి రైతుల గోస మీదనే. మా గోస మాకంటే ముందు వాళ్లు దాచిన్రు.

2020 జనవరిల మడికొండ ఐటీ సెజ్‌ల టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచిన్రు. ఇప్పుడు డిస్కులు అరచేతిల పడతయి. నేను తాత కథ మూడు డిస్కులల్ల పెట్టిన. ఒకటి నా కాడ, ఒకటి యూనివర్సిటీల చదివే పిల్లగాని కాడ, ఒకటి తాత మనుమని కాడ. తిరిగే డిస్కును ఏండ్ల తరబడి మూలకు పడేస్తే ఎప్పుడు మొరాయిస్తదో తెల్వదు. ఆర్నెల్లకోసారి తిప్పి చూస్తం.

పోయినసారి మనుమడు మా ఇంట్లకొచ్చి, కుర్చీల కూసోని మొత్తం చూసిండు. నడుమ ఒక్కకాడ ఆపిండు. "అన్నా, గీడ తాత ఒక ముచ్చట ఇడిసిపెట్టిండు. నాకస్తది" అన్నడు. నేను లేసి కెమెరా తీసిన.