బేగం బజారులో మా ఫియట్

బేగం బజారులో కాపురముండే వానికి సొంత కారు ఎందుకని మా గల్లీ పెద్దలు నాన్నగారిని అడిగేవారు. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. నిజాం అలీఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకిచ్చిన భూమిలో వెలసినదని చెప్పుకొనే ఈ బజారు మూటలకూ, తోపుడు బండ్లకూ, మనుషులకే చాలదు. పక్కనున్న ఫీల్‌ఖానా అనే పేరునకు ఏనుగుల శాల అని అర్థము. ఏనుగులు పోయి చాలా కాలమైనది. వాటి పేరు మాత్రము గల్లీకి మిగిలినది. అటువంటి చోటికి నాన్నగారు 1979లో చిట్టీ పాడుకొన్న డబ్బుతో ఒక చిన్న కారును తెచ్చినారు. అది 1968 నాటి ఫియట్ 1100 డిలైట్. అప్పటికే రెండు చేతులు మారిన బండి.

దాని వెడల్పు మీటరున్నరకు లోపే. అంబాసిడర్ అయితే మా గల్లీ మలుపు తిరిగేది కాదు. తోపుడు బండ్లు రాకమునుపే ఉదయము దానిని బయటికి తీయవలెను. దుకాణాలు మూసిన పిమ్మట రాత్రి లోపలికి తేవలెను. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు నడిచిపోదగిన దూరమే అయినా, ఇరుగుపొరుగు పిల్లలతో కలిపి మమ్మల్ని అందులోనే ఎక్కించుకొని పోయేవారు. ఒకరి ఒడిలో ఒకరము కూర్చున్నా మాకు అది రాజవాహనమే.

ఆ బండి మీది ప్రేమ మమ్మల్ని దాని చరిత్ర వైపునకు నడిపించినది. ఇటలీలోని ట్యూరిన్ నగరంలో 1899లో స్థాపితమైన ఫియట్ సంస్థ, ఈ 1100 కారు కొత్త రూపమును 1953లో లోకానికి చూపినది. ‘చిట్టెలుక’ అని పేరుపడిన చిన్న ఫియట్‌ను 1936లో రూపొందించిన డాంటే జియకోసాయే దీనికీ రూపకర్త. ఇంజన్ 1089 ఘనపు సెంటీమీటర్లు, నాలుగు సిలిండర్లు. గేరు కర్ర స్టీరింగ్ పక్కనే ఉంటుంది. తొలినాటి బండ్లలో ముందు తలుపులు వెనుక అంచున కీలు కలిగి, మన ఇంటి తలుపులకు ఎదురు దిక్కున తెరుచుకొనేవి.

మన దేశంలో దీనిని తయారుచేసినది బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్. దాని స్థాపకుడు వాల్‌చంద్ హీరాచంద్. మన విశాఖపట్టణంలో 1941లో నౌకా నిర్మాణ కేంద్రమునకు పునాది వేయించినదీ ఆయనే. అక్కడ నిర్మించిన ‘జలఉష’ నౌక 1948లో సముద్రమును చేరినది. ఓడను కట్టించిన సంకల్పమే మా గల్లీలో దూరగల కారునూ కట్టించినదని తెలిసిన దినమున మేము పొంగిపోయినాము. ప్రధానిగా ఉన్న లాల్ బహదూర్ శాస్త్రిగారు 1964లో బ్యాంకులో 5,000 రూపాయలు అప్పు చేసి ఫియట్ కొన్నారనీ, ఆయన మరణానంతరము ఆ బాకీని ఆయన భార్య తీర్చినారనీ నాన్నగారు ఎన్నిసార్లు చెప్పినారో లెక్కలేదు. నిజాయితీ గలవాని బండి ఇది, అనేవారు.

ఇక మేము ఇంతకాలము దాచినది చెప్పవలసియున్నది.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినది. వాన ముదిరితే బండిని ఎత్తైన చోట పెట్టుమని చెప్పి నాన్నగారు ఊరికి వెళ్లియుండినారు. ముగ్గురు అన్నదమ్ములము కేరమ్ బోర్డు ముందు కూర్చొని, తరువాత చూద్దాములే అనుకొన్నాము. తెల్లవారునప్పటికి గల్లీలో నీరు బండి సీట్లను దాటినది. నీరు తీసిన పిమ్మట, నాన్నగారు వచ్చులోగా అంతా సరిచేయవలెనన్న ఆత్రముతో బురద కడిగి, వేరొక బ్యాటరీ పెట్టి, తాళము తిప్పినాము. ఇంజన్ అందుకొన్నట్లే అందుకొని, లోపల పెద్ద చప్పుడు చేసి ఆగిపోయినది.

గాలి నొక్కితే అణుగుతుంది, నీరు అణగదు. సిలిండర్‌లో నిలిచిన నీటిపై పిస్టన్ మోది, కనెక్టింగ్ రాడ్ వంగిపోయినది. ప్లగ్గులు విప్పి, ఇంజన్‌ను చేతితో తిప్పి నీటిని వెళ్లగొట్టియుంటే ఆ నష్టము తప్పేది. నాన్నగారితో మాత్రము, వరద నీరే పాడుచేసినదని చెప్పినాము. ఉస్తాద్ ఇంజన్ విప్పి వంగిన రాడ్‌ను చేతిలోకి తీసుకొని మా ముఖాల వైపు చూసినాడు. ఏమీ అనలేదు. నాన్నగారు కూడా చూసినారు. కొంతసేపటికి, “మునిగిన ఇంజన్‌ను ముందు విప్పాలి, తరువాత తిప్పాలి” అన్నారు. అంతే. ఆ మాట మరల ఎత్తలేదు.

దాదాపు ఆ కాలముననే, ఈ బండికి వారసురాలైన ప్రీమియర్ పద్మిని తయారీ ఆగిపోయినది. విడిభాగాల కోసము అఫ్జల్‌గంజ్, పుత్లీబౌలీ దుకాణాలలో మూడు నెలలు తిరిగినాము. చివరకు తుక్కునకు పోతున్న ఒక బండి రాడ్ మా బండికి ప్రాణము పోసినది. ఆ మూడు నెలలూ నాన్నగారు మమ్మల్ని ఉస్తాద్ పక్కన కూర్చుండబెట్టినారు. పనిముట్లు అందించుచూ మేము ఇంజన్‌ను నేర్చుకొన్నాము. అదే మాకు పడిన శిక్ష.

2011లో నాన్నగారు వెళ్లిపోయినారు. 2022లో బండి రిజిస్ట్రేషన్ మరల చేయించవలసి వచ్చినది. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో పురాతన వాహనపు నంబరు ఇచ్చే నియమము 2021లో వచ్చినది గదా, అదే సులభమని ఒక మిత్రుడు చెప్పినాడు. కాని ఆ నంబరు గల బండిని ప్రదర్శనకో, మరమ్మతుకో తప్ప నిత్యావసరమునకు నడుపరాదు. మేమో, ఆదివారము కూరగాయలకు కూడా అందులోనే పోతాము. చౌమహల్లా ప్రాసాదంలో 1912 నాటి రోల్స్ రాయిస్ అందముగా నిలిచియున్నది, దానికది శోభ. మా బండికి నడకే శోభ. ప్రదర్శనకని వ్రాసియిచ్చి బజారునకు నడుపుట మరొక అబద్ధమే అగును. మామూలు నంబరుతోనే ఉండదలచినాము.

తొలి పరీక్షలో బండి నెగ్గలేదు. బ్రేకు ఒక పక్కకు లాగుచున్నది; పొగ ఎక్కువ. బయట నిలిచిన మధ్యవర్తి ఒకడు, కొంత ముట్టజెప్పితే ఈ సాయంత్రమే కాగితము చేతికి వస్తుందన్నాడు. ముగ్గురమూ ఒకరి ముఖమొకరు చూసుకొన్నాము. ఉస్తాద్ చేతిలోని వంగిన రాడ్ ముగ్గురికీ గుర్తుకు వచ్చినది. ఇంటికి తెచ్చి, బ్రేకులు విప్పి, కార్బురేటర్ శుభ్రపరచి, మూడు వారాల తరువాత మరల తీసుకొనిపోయినాము. ఈ మారు నెగ్గినది.

బొంబాయిలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో కనుమరుగైనవి. మా బండి మరల పరీక్షకు నిలువవలసినది 2027లో. అది పట్టణపు గాలిని పాడుచేసేదైతే, ఎంత ప్రేమయున్నా ఇక రోడ్డు మీదికి తీయము. అంతవరకు ఆదివారము ఉదయము, తోపుడు బండ్లు రాకమునుపు, ఫీల్‌ఖానా వైపు వచ్చిన విద్యార్థులకు ఒక పాత ఇంజన్ చప్పుడు వినిపించవచ్చును. నిలిచి అడిగితే బానెట్ ఎత్తి చూపుతాము. ముందు విప్పి, తరువాత తిప్పుట ఎట్లో కూడా నేర్పుతాము.