ఎప్పుడూ వెలిగే దీపం

"చెక్ ఇంజిన్ లైటా? మా కార్లో రెండేళ్ళ నుంచీ వెలుగుతోంది. ఏం కాలేదుగా!"

అమెరికాలో పాత కార్లు నడిపే మనవాళ్ళ నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. చెప్పేవాళ్ళలో చాలామంది సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లే. ఆఫీసులో బిల్డు ఎర్రగా మారితే అర్ధరాత్రి లేచి కూర్చునే మనిషి, సొంత కార్లో ఎర్రర్ మెసేజిని రెండేళ్ళు ఎదురుగా పెట్టుకుని ఎలా తిరుగుతాడో నాకు అర్థం కాదు.

ఇంతకీ సంగతేంటంటే, పోయిన అక్టోబర్లో నా 2007 మోడల్ కారుకీ ఆ దీపం వెలిగింది. చదువుకునే రోజుల్లో సీనియర్ దగ్గర 3,200 డాలర్లకి కొన్న కారు. నెలాఖరుకి రిజిస్ట్రేషన్ అయిపోతోంది. టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీని 2025 జనవరి నుంచి ఎత్తేశారు గానీ, డాలస్ లాంటి కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. దీపం వెలుగుతుంటే ఆ పరీక్ష ఫెయిలు. ఫెయిలైతే రిజిస్ట్రేషన్ లేదు. మా ఇంటి నుంచి 22 మైళ్ళ దూరంలో ఉన్న ఆఫీసుకి బస్సు లేదు. టీంలో అప్పటికే సగం మందిని తీసేశారు. ఊళ్ళో చదువు అప్పు వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. అలాంటప్పుడు ఒక షాపువాళ్ళు కోడ్ చదివేసి, కారు కింద తల కూడా పెట్టకుండా "780 డాలర్లు" అన్నారు. రెండు పార్టులు మార్చాలిట. ఏది పాడైందని అడిగితే, "రెండూ మారిస్తే ఏదో ఒకదాంతో పోతుంది" అన్నారు!

కోడ్ పి0442. ఇంధనం ఆవిరి బయటికి పోకుండా పట్టుకునే ఏర్పాటులో చిన్న లీకు ఉందని దానర్థం. ఫోన్లో చెప్తే నాన్నకి నమ్మకం కుదరలేదు. "పొగ రావట్లేదంటావు, వాసన రావట్లేదంటావు, మరి లీకేంట్రా?" అన్నారు. ఆయన అడిగింది సబబే. మన ఊళ్ళో పొల్యూషన్ సర్టిఫికెట్‌కి వెళ్తే సైలెన్సర్లో గొట్టం పెట్టి చూస్తారు. పెట్రోలు ట్యాంకు జోలికి ఎవరూ పోరు.

కానీ పెట్రోలు కారు ఆగి ఉన్నప్పుడు కూడా ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి ఊరికే పోయేది కాదు. 1950ల మొదట్లో కాల్టెక్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ లాస్ ఏంజెలెస్‌లో కళ్ళు మండించే పొగమంచు ఎలా పుడుతోందో కనిపెట్టాడు. పెట్రోలు ఆవిరిలాంటి హైడ్రోకార్బన్లూ, ఇంజిన్ పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లూ ఎండలో కలిసి ఓజోన్ తయారుచేస్తాయి. అందుకే కాలిఫోర్నియాలో 1970 మోడళ్ళ నుంచీ, అమెరికా అంతటా 1971 మోడళ్ళ నుంచీ ఈ ఆవిరిని పట్టి ఉంచాలని రూలు పెట్టారు.

పట్టి ఉంచే పద్ధతి చాలా సింపుల్. ట్యాంకు నుంచి వచ్చే ఆవిరి ఒక బొగ్గు డబ్బాలోకి వెళ్తుంది. చార్‌కోల్ కానిస్టర్ అంటారు. బొగ్గు ఆవిరిని పీల్చుకుంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజిన్లోకి లాగి కాల్చేస్తుంది. బయటి గాలి లోపలికి రావడానికి వెంట్ వాల్వ్ ఉంటుంది. అంతే.

నాలాంటి కార్లలో కంప్యూటర్ చేసే పరీక్ష ఇంకా ముచ్చటగా ఉంటుంది. వెంట్ మూసేస్తుంది, పర్జ్ తెరిచి ఇంజిన్ పీల్పుతో ట్యాంకులో గాలి ఒత్తిడి తగ్గిస్తుంది, తర్వాత పర్జ్ కూడా మూసేసి చూస్తూ కూర్చుంటుంది. ఒత్తిడి త్వరగా పెరిగిపోతే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. చిన్న లీకంటే సుమారు 1 మిల్లీమీటరు రంధ్రం, ఆవగింజంత. వరుసగా రెండుసార్లు ఇలా తేలితే దీపం వెలిగిస్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కంప్యూటర్ చెప్పేది "ఒత్తిడి నిలవట్లేదు" అని మాత్రమే. "ఫలానా పార్టు పోయింది" అని అది ఎక్కడా అనలేదు. ఆ రెండో మాట షాపువాళ్ళు కల్పించుకున్నది. లాగ్‌లో టైమవుట్ కనపడగానే సర్వర్ మార్చేద్దాం అన్నట్టు!

నా రూమ్మేట్ ఇంకో దారి చెప్పాడు. "మామా, ఇరవై డాలర్ల స్కానర్‌తో కోడ్ చెరిపెయ్. 2001, ఆ తర్వాత మోడళ్ళకి ఒక్క మానిటర్ రెడీగా లేకపోయినా పరీక్షకి ఒప్పుకుంటారు. నాలుగు రోజులు నడిపి, ఇది తప్ప మిగతావన్నీ రెడీ అవ్వగానే వెళ్ళి పాసైపో."

వాడు చెప్పింది నిజమే, అలా పాసవ్వచ్చు. కానీ తర్వాత? దీపం మళ్ళీ వెలుగుతుంది. ఈసారి నేను దాన్ని పట్టించుకోను. ఆరు నెలల తర్వాత ఇంకేదో సెన్సర్ పాడైతే ఆ కబురు చెప్పడానికి కూడా అదే దీపం, అదే రంగు. ఎప్పుడూ వెలిగే దీపం ఆరిపోయిన దీపంతో సమానం. మనం మ్యూట్ చేసిన అలర్టులన్నీ ఇంతే కదా? చిన్న తప్పుని భరించడం వల్ల వచ్చే నష్టం ఆ తప్పుతోనే ఆగదు. పెద్ద తప్పొచ్చినప్పుడు మనకి తెలియకుండా పోతుంది.

సరే, శనివారం పొద్దున్నే ఆరుబయట పని మొదలెట్టాను. పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది కాబట్టి ఇంజిన్ చల్లారాకే చెయ్యాలి, చుట్టుపక్కల సిగరెట్టు, నిప్పు ఉండకూడదు. ముందు మూత. రబ్బరు వాషర్ మెత్తగానే ఉంది, పగుళ్ళు లేవు. తర్వాత పర్జ్ వాల్వ్. దానికి కరెంటు లేనప్పుడు మూసుకునే ఉండాలి. కానిస్టర్ వైపు గొట్టం తీసి, ఇంజిన్ ఆన్ చేసి వేలు పెట్టి చూశాను, పీల్పు లేదు. అంటే బాగానే ఉంది. వెంట్ వాల్వ్ దీనికి తిరకాసు, మామూలుగా తెరుచుకునే ఉంటుంది. 12 వోల్టులిచ్చి నోటితో ఊదితే గాలి పోలేదు. అదీ బాగానే ఉంది. షాపువాళ్ళు మారుస్తామన్నవి పర్జ్ వాల్వూ, కానిస్టరూ. అందులో మొదటిది నిర్దోషి అని పైసా ఖర్చు లేకుండా తేలింది.

మిగిలింది గొట్టాలు, కానిస్టర్. కంప్రెసర్‌తో గాలి కొట్టి చూద్దామని ఎవరైనా అంటే వినకండి. ఈ ఏర్పాటు చాలా తక్కువ ఒత్తిడికి చేసింది, పగిలిపోతుంది. దీనికి స్మోక్ మెషీన్ ఉంటుంది. మా వీధి చివర చిన్న షెడ్డులో ఒక పెద్దాయన 60 డాలర్లకి ఆ పరీక్ష చేశాడు. పొగ పంపిన రెండు నిమిషాలకి వెనక చక్రం పైనుంచి అగరొత్తి పొగలా సన్నగా ఒక తీగ లేచింది. కానిస్టర్ నుంచి వెంట్ వాల్వ్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం, సరిగ్గా క్లాంపు కింద పగిలింది. కళ్ళతో వెతికితే దొరికేది కాదు. పెద్దాయన నవ్వి, "పార్టులు పాడవ్వవు బాబూ, రబ్బరు ముసలిదవుతుంది" అన్నట్టు ఏదో చెప్పాడు.

ఇంధన ఆవిరికి పనికొచ్చే గొట్టం ఒక అడుగు, రెండు క్లాంపులు కలిపి 14 డాలర్లు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, అరగంటలో మార్చేశాను. అప్పుడు చెరిపాను కోడ్. ట్యాంకు సగం పైన ఉంచి, రాత్రంతా ఆపి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేశాను. ట్యాంకు మరీ నిండుగా ఉన్నా, మరీ ఖాళీగా ఉన్నా కంప్యూటర్ ఆ పరీక్ష చెయ్యదు. నాలుగో రోజుకి మానిటర్లన్నీ రెడీ, కోడ్ లేదు. రిజిస్ట్రేషన్ గడువుకి ఆరు రోజుల ముందు పాసయ్యాను. మొత్తం ఖర్చు 74 డాలర్లు, పరీక్ష ఫీజు కాకుండా.

డబ్బు మిగిలిందని సంతోషమే, అబద్ధమెందుకు! అందరికీ కారు కింద దూరే ఓపికా, చోటూ ఉండకపోవచ్చు. షాపుకే వెళ్ళండి, తప్పేం లేదు. కానీ "ఏ పార్టు మారుస్తారు?" అని కాకుండా "లీకు ఎక్కడుందో ఎలా కనుక్కుంటారు?" అని అడగండి. జవాబులో స్మోక్ టెస్టు అన్న మాట లేకపోతే తాళాలు ఇవ్వకుండా వెనక్కి వచ్చెయ్యండి. రెండేళ్ళ నుంచీ దీపం వెలుగుతున్నవాళ్ళు మాత్రం ఈ శనివారం ఒక్కసారి కోడ్ ఏంటో చదివించుకోండి. అది ఇప్పుడు చెప్తున్నది రెండేళ్ళ నాటి కబురే అని మీకెవరు చెప్పారు?