పొట్టి జుట్టూ... పొద్దుటి నడకా

జుట్టు పొట్టిగా ఉంటే పని తేలిక అనుకుంటాం గదా! జడ అల్లే పని లేదు, చిక్కుల బాధ లేదు, తలంటుకి నాలుగు కుంకుడుకాయలు చాలు. ఇంట్లో కూర్చున్నంతసేపూ అది నిజమే. చెప్పులేసుకుని నడకకి బయల్దేరి చూడండి, లేదంటే చాప పరుచుకుని నాలుగు సూర్య నమస్కారాలు చేసి చూడండి. పొడుగు జుట్టయితే ముడేసి పిన్ను గుచ్చితే గంటసేపు కదలదు. పొట్టి జుట్టు ముడికి అందదు, జడకి చాలదు. వంగితే ముక్కు మీద, లేస్తే కళ్ళల్లో. చెమటకి చెంపలకి అంటుకుని ఒకటే దురద. చేతులు రెండూ వ్యాయామం మానేసి జుట్టు వెనక్కి తోసుకోవడంలోనే ఉంటాయి.

ఇదంతా నాకు భద్రాచలంలో తలనీలాలిచ్చాక అనుభవంలోకి వచ్చింది. మావారి గుండె ఆపరేషన్ క్షేమంగా జరిగితే జుట్టు ఇస్తానని మొక్కుకున్నాను. ఆడవాళ్ళు చాలామంది మూడు కత్తెర్లతో సరిపెట్టుకుంటారు. తప్పేం లేదు. నేను మాత్రం మొక్కింది మొత్తం కాబట్టి కళ్యాణకట్టలో మొత్తమే ఇచ్చేశాను. ఆ నెలలోనే డాక్టరుగారు నాకూ రక్తపరీక్ష రాశారు. పరగడుపు షుగరు 118! 100 లోపు ఉండాలి, 126 అయితే జబ్బు కిందే లెక్క. అంటే నేను గట్టు మీద నిలబడ్డానన్నమాట. మా అమ్మకీ షుగరే, ఆఖరి రోజుల్లో కాలి పుండుతో ఆవిడ పడ్డ బాధ నేను దగ్గరుండి చూశాను. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవమన్నారు డాక్టరుగారు. ఆయనకి గుండె కోసం, నాకు షుగరు కోసం.

ఇంటికొచ్చి చెబితే మా అత్తయ్య, "జుట్టొచ్చేదాకా మేడ మీదే తిరగమ్మా, నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అన్నారు. ఆవిడ నా మంచి కోరే అన్నారు. మన వైపు ఆడదాని తల బోడిగా కనిపిస్తే మొక్కయినా అనుకుంటారు, జబ్బయినా అనుకుంటారు, మూడోదైనా అనుకుంటారు. ఆ మూడోదేమిటో మీకు చెప్పక్కర్లేదు. పైగా మావారు అప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చారాయె.

కాగితం తీసుకుని ఒక చిన్న లెక్క వేశాను. జుట్టు నెలకి అరంగుళం పెరుగుతుంది. చూడ్డానికి ఓ మోస్తరు జడ రావాలన్నా పన్నెండు అంగుళాలుండాలి. అంటే రెండేళ్ళు. రెండేళ్ళు షుగరు నాకోసం గుమ్మంలో కూర్చుంటుందా? ఆ కాగితం అత్తయ్యకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, "అయితే తలకేమన్నా కట్టుకుపో" అన్నారు. అలా గోదావరి కరకట్ట మీద నా నడక మొదలైంది.

తలకేం కట్టుకోవాలన్నది నేర్పింది బ్యూటీ పార్లరు కాదండీ, మిరపకోత. మన ఖమ్మం వైపు మిరపచేలల్లో కోతకొచ్చే ఆడవాళ్ళని చూశారుగా! పొద్దుటినుంచీ నడుం వంచే ఉంటారు, అయినా ఒక్క వెంట్రుక కళ్ళల్లో పడదు. ఎండాకాలం అడవిలో తునికాకు కోసి, యాభై ఆకులకో కట్ట కట్టే వాళ్ళదీ అదే పద్ధతి. పాత నూలు గుడ్డ, అంతే. దాని మధ్యభాగం నుదుటి మీద సరిగ్గా జుట్టు మొదలయ్యే చోట ఆనించి, రెండు కొసలూ చెవుల మీదుగా వెనక్కి తీసుకెళ్ళి ముడేస్తారు. ఆ ముడి వేసే చోటులోనే ఉంది కిటుకంతా. తల వెనక చేత్తో తడిమితే ఒక ఎత్తైన ఎముక తగులుతుంది చూడండి, ముడి దానికి కింద పడాలి. పైన పడిందా, పది అడుగులకే గుడ్డ జారి చేతికొస్తుంది.

కొత్తగా గుండు అయిన మొదటి రెండు నెలలూ దువ్వడానికేం ఉండదు గానీ ఎండ దెబ్బ ఉంటుంది. ఇన్నేళ్ళూ జుట్టు చాటున పెరిగిన మాడు, ఒక్కసారి ఎండ తగిలితే కమిలిపోతుంది. మా వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అందుకని గుడ్డ మాడంతా కప్పేట్టు కట్టుకోండి, ఎండెక్కకముందే ఇంటికి చేరండి. నైలాను స్కార్ఫులు వద్దు, లోపల ఉడికిపోతుంది. మందుల వల్ల జుట్టు పోయి మళ్ళీ వస్తున్న చెల్లెళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే, మీ మాడు ఇంకా సున్నితం, బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ వాయిల్ గుడ్డ వాడండి. ఎంతసేపు నడవాలో మీ డాక్టరుగార్నే అడగండి.

మూడు, నాలుగు నెలలకి జుట్టు అంగుళంన్నర, రెండంగుళాలై ముళ్ళపందిలా నిలబడుతుంది. అప్పుడు గుడ్డ కన్నా బ్యాండు నయం. బజార్లో దొరికే పళ్ళున్న ప్లాస్టిక్ బ్యాండుకి నా ఓటు పడదు. చెవుల వెనక నొక్కి తలనొప్పి తెస్తుంది, వంగితే ఎగిరి పడుతుంది. ఇంట్లోనే కుట్టుకోండి. టేపుతో తల చుట్టుకొలత తీసి రెండంగుళాలు తగ్గించండి. 22 అంగుళాల తలకి 20 అంగుళాల బ్యాండు. అందులో 17 అంగుళాలు గుడ్డ, 3 అంగుళాలు వెనక వచ్చే ఎలాస్టిక్కు. కుట్టులోకి పోయేది కలుపుకుని గుడ్డ పొడవు 18, వెడల్పు 7 అంగుళాలు కత్తిరించి, పొడుగ్గా మధ్యకి మడిచి, తిరగేసి కుట్టి, లోపలికి ఒక పాత టర్కీ టవలు ముక్క దూర్చండి. చెమట కళ్ళలోకి రాకుండా అది పీల్చేస్తుంది. పాత జాకెట్టు గుడ్డలు ఎలాగూ మూలన పడుంటాయి గదా, మూడు కుట్టి పెట్టుకోండి. వాడిన బ్యాండు ఉతక్కుండా మర్నాడు పెట్టుకుంటే నుదుటి మీద పొక్కులొస్తాయి.

ఆర్నెల్లకి మూడంగుళాలు. ఇదే అసలు చికాకు పెట్టే కాలం. ఇక్కడ పిన్నులు కావాలి. నల్ల సైడు పిన్నులకి ఒకవైపు మెలికలు, ఒకవైపు నున్నగా ఉంటుంది. మనమంతా మెలికలు అందంగా ఉన్నాయని పైకి పెట్టుకుంటాం. అవి ఉన్నది జుట్టుని పట్టుకోవడానికి! మెలికల వైపు మాడుకి ఆనేట్టు పెట్టండి, రెండు పిన్నుల్ని గుణకారం గుర్తులా అడ్డంగా గుచ్చండి, పరుగెత్తినా ఊడవు. వెల్లకిలా పడుకుని చేసే ఆసనాలుంటే తల వెనక పిన్ను గానీ ముడి గానీ ఉండకూడదు, చెవి పక్కకి జరపండి.

మరో మూడు నెలలకి నాలుగైదంగుళాలు వస్తుంది. పక్క పాపిడి తీసి, నుదుటి దగ్గర మూడు సన్నని పాయలు తీసుకుని, అల్లుతూ అల్లుతూ పక్క వెంట్రుకలు కలుపుకుంటూ చెవి వెనక దాకా తెచ్చి గుడ్డ రబ్బరు వెయ్యండి. రెండో పక్కా అంతే. సూర్య నమస్కారాలకి ఇంతకన్నా సుఖమైనది లేదు. మా పక్కింటావిడ చూసి, "స్కూలు పిల్లలా ఉన్నారు వదినా" అంది. ఉంటే ఉన్నాను! బిగించి మాత్రం అల్లొద్దు. నుదుటి చర్మం లాగుతున్నట్టుంటే వదులు చేయండి. రోజూ లాగి కడితే ముందు జుట్టు పలచబడుతుంది, ఒక్కోసారి మళ్ళీ రాదు కూడా.

కరకట్ట మీద మొదట్లో, "ఏమ్మా, ఒంట్లో ఎట్లా ఉంది?" అని జాలిగా అడిగేవాళ్ళు. "రాములవారికిచ్చానండీ" అంటే నవ్వేసి వెళ్ళేవాళ్ళు. అయినా జుట్టు మీద మాటలు పడటం మనకే కాదులెండి. టోక్యో ఒలింపిక్స్‌లో, అవి 2021లో జరిగాయి, దక్షిణ కొరియా విలుకత్తె ఆన్ సాన్ మూడు బంగారు పతకాలు కొట్టింది. ఆ అమ్మాయి జుట్టు పొట్టిగా ఉందని సొంత దేశంలోనే కొందరు నానా మాటలూ అన్నారు! అదే మన భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిషనే తీసుకోండి. 2025లో అండర్-19 ప్రపంచ కప్పులో స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 కొట్టి, ఆ పోటీల్లో మొట్టమొదటి సెంచరీ చేసింది. ఆ రోజు ఆమె జుట్టు ఎలా కట్టుకుందో ఎవరన్నా చెప్పగలరా? మా వీధిలో అందరికీ గుర్తున్నది స్కోరే.

నూనె సంగతి. నడకకి ముందు రాయకండి, చెమటతో కలిసి కళ్ళల్లోకి కారుతుంది. నడకయ్యాక తువ్వాలుతో అద్ది, గాలికి ఆరనిచ్చి, రాత్రికి రాసుకోండి. చెమట పట్టిందని రోజూ తలంటక్కర్లేదు. మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు, కుంకుడు వారానికి రెండుసార్లు. మాకిక్కడ గిరిజన సహకార సంస్థ వాళ్ళ కుంకుళ్ళు, శీకాయ దొరుకుతాయి, ఏజెన్సీ ఊళ్ళల్లో ఏరి తెచ్చినవే. వానాకాలంలో తడి తల మీద బ్యాండు పెట్టారంటే చుండ్రు, దురద పిలిచి తెచ్చుకున్నట్టే.

నా షుగరు మొన్న పరీక్షలో 104 వచ్చింది. వంద లోపుకి దిగాలి ఇంకా, నడక ఆపలేదు.

ఒక్క మాట మర్చిపోయేదాన్ని. ఏడెనిమిది నెలలకి మెడ మీద జుట్టు తోకలా కిందికి దిగుతుంది, ముందు జుట్టు ఇంకా కళ్ళ దగ్గరే ఉంటుంది. పార్లరుకి వెళ్తే "వెనక మాత్రమే, అరంగుళం" అని కూర్చోకముందే చెప్పండి. చెప్పకపోతే ఆ అమ్మాయి చుట్టూ సమానంగా కత్తిరించేస్తుంది, మీకు ఇంకో రెండు నెలలు పిన్నులే గతి.