పిల్లికీ దొంగకీ తేడా తెలియని పెట్టె

వదినా, ఒక్క నిమిషం గోడ కాడికి రా. కూర పొయ్యి మీదుంటే సన్నసెగ పెట్టి రా. రాత్రి వెనక వీధి మిద్దింట్లో సైరన్ మోగిందే, విన్నావా? దొంగా లేడు, దొరా లేడు. వాళ్ల పిల్లి బీరువా మీద నుంచి దూకిందంట. వీధి వీధంతా లేచి కూర్చుంటే అది సజ్జెక్కి తీరిగ్గా తోక నాక్కుంటా ఉండిందంట.

నవ్వొస్తా ఉంది గానీ మన తడలో ఇప్పుడిది చాలా ఇళ్లల్లో గోలే. శ్రీసిటీ ఫ్యాక్టరీలు వచ్చినాక ఆయనకో షిఫ్టు, ఆమెకో షిఫ్టు. ఇంటిని కుక్కకో పిల్లికో అప్పజెప్పి పోతా ఉండారు. ఒక పక్క హైవే, ఇంకో పక్క రైలు స్టేషను, కాస్త దూరం పోతే తమిళనాడు. ఎవరొస్తా ఉండారో, ఎవరు పోతా ఉండారో ఎవరికి తెలుసు? అందుకని అలారం పెట్టించుకుంటారు, అందులో తప్పేముంది. గానీ బిగించే మనిషి "ఇంట్లో కుక్క ఉందా, పిల్లి ఉందా, అవి రాత్రి ఎక్కడ పడుకుంటాయి" అని ఒక్క మాట అడగడు. హాల్లో ఒక మూల మరలు తిప్పేసి, డబ్బులు తీసుకుని బండెక్కుతాడు. ఆ తర్వాత నిద్ర లేకుండా పోయేది మనకు.

మా అక్క కొడుకు ఇట్లాంటివి బిగించే పనిలోనే ఉండాడు గదా, పొద్దున వచ్చినప్పుడు ఒక అలారం పెట్టె విప్పి చూపించినాడు. నేనేమో లోపల కెమెరా ఉంటుందనుకుంటా ఉండా. "కెమెరా లేదు పిన్నీ, వేడిని పసిగట్టే బిళ్ల ఉందంతే" అన్నాడు. దాని ముందర గళ్లు గళ్లుగా పాలరంగు ప్లాస్టిక్ మూత. ఆ గళ్లే గదిని వాటాలుగా పంచుతాయంట. మన ఒంట్లో నుంచి కంటికి కనపడని వేడి కిరణాలు ఎప్పుడూ వస్తానే ఉంటాయి. వేడిగా ఉండేది ఏదైనా ఒక వాటాలో నుంచి ఇంకో వాటాలోకి కదిలితే ఆ బిళ్లలో రవ్వంత కరెంటు పుడుతుంది. దానికి తెలిసింది అంతే. మొహం తెలీదు, చేతిలో గడ్డపార ఉందా, మీగడ గిన్నె ఉందా అనేది తెలీదు. కుక్కకైనా పిల్లికైనా ఒళ్లు 38, 39 డిగ్రీలు ఉంటుంది, మనకంటే కాస్త ఎక్కువే. ఇంక పెట్టెను ఏమని తప్పుపడతాం?

ఈ వేడికి కరెంటు పుట్టే గుణం ఈనాటిది కాదంట. 1700లు మొదలైన రోజుల్లోనే డచ్చివాళ్లు సిలోన్ నుంచి టూర్మలిన్ రాళ్లు వాళ్ల దేశానికి పట్టుకుపోతే, నిప్పు సెగ తగిలినప్పుడు అవి బూడిదను తమ మీదికి లాక్కునేవంట. 1613లో మన ప్రళయకావేరి ఒడ్డున, పళవేర్కాడులో కోట కట్టినారే, ఆ డచ్చివాళ్లే. మన పొరుగున కాపురం చేసిపోయినోళ్ల రాయి గుణం ఇప్పుడు మన హాల్లో మూలకెక్కిందన్నమాట!

ఇంక ఆ డబ్బా మీద "పెట్ ఇమ్యూన్, 25 కిలోలు" అని రాసుంటుందే, దాన్ని చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. ఆ పెట్టెలో త్రాసుందా వదినా, కిలోలు తూచడానికి? అది కిందికి చూసే వాటాలను వదిలేస్తుంది, లేకపోతే చిన్న వేడిని లెక్కలోకి తీసుకోదు. కుక్క నేల మీద, పెట్టెకు దూరంగా తిరిగినంత సేపూ ఆ లెక్క నిలబడుతుంది. అదే కుక్క సోఫా ఎక్కి, దాని మీద నుంచి కిటికీ గట్టెక్కిందనుకో, పెట్టె కళ్లకు అది మనిషంత అయిపోతుంది. పిల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. అది నేల మీద ఉండేదెప్పుడు? మెట్ల ఎదురుగా పెట్టినా ఇదే తంతు. పైమెట్టు మీద పడుకున్న కుక్క, పెట్టెతో సమానమైన ఎత్తులో ఉంటుంది గదా. నేల నుంచి సుమారు ఏడడుగుల ఎత్తులో, వంచకుండా నిటారుగా బిగించమంటాడు మావాడు. "కిందికి వంచితే ఇంకా బాగా చూస్తుంది" అని ఎవరైనా అంటే నమ్మొద్దు, అప్పుడు అది చూసేది కుక్కనే.

మన ఎండల సంగతి ఇంకొకటి. మే నెలలో తలుపులన్నీ వేసిన రేకుల గది ఎంత కాగుతుందో నీకు తెలుసు గదా. మన చర్మం 33, 34 డిగ్రీల దగ్గరుంటే గోడలు కూడా అంతే వేడెక్కుతాయి. రెండింటికీ తేడా లేకపోతే మనిషి నడిచినా పెట్టెకు ఆనదు. మంచి రకం పెట్టెలు అది కనిపెట్టి తమ చురుకును పెంచుకుంటాయి. అప్పుడు దొంగతో పాటు పిల్లి కూడా పెద్దదిగా కనపడే ప్రమాదం ఉందంట. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి!

అన్నిటికంటే పెద్ద శత్రువు బల్లి, వదినా. రాత్రి దీపం పురుగుల కోసం గోడలెంబడి తిరుగుతా, తిరుగుతా నేరుగా ఆ ప్లాస్టిక్ మూత మీదికే ఎక్కుతుంది. దాని ఒళ్లు చల్లనే గానీ, కంటికి అంత దగ్గర్లో పాకితే గది వేడిని అడ్డుకుంటా, వదులుతా పోతుంది. పెట్టెకు అదొక మహా కదలిక. అందుకే ట్యూబులైటు పక్కన పెట్టొద్దు. మూత మీద సాలెగూడు కట్టకుండా పొడిగుడ్డతో తుడుస్తా ఉండాలి. పూజగది దీపానికి ఎదురుగానూ వద్దు, ఎండ నేరుగా పడే కిటికీకి ఎదురుగానూ వద్దు.

వేడితో పాటు మైక్రోవేవ్ తరంగాలతో కూడా చూసే జోడు రకం ఒకటుంది. రెండూ ఔనంటేనే సైరన్ మోగుతుంది. దొంగకూతలు బాగా తగ్గుతాయి. గానీ కుక్క వేడిగానూ ఉంటుంది, కదులుతానూ ఉంటుంది గదా, దగ్గరికొస్తే రెండూ ఔననే అంటాయి. డబ్బులు పోసినంత మాత్రాన చోటు మార్చే పని తప్పదు.

నన్నడిగితే, లోపల తిరిగే జీవాన్ని వదిలేసి బయటి నుంచి వచ్చేవాణ్ణి పట్టుకునే దారి చూడాలి. తలుపు చట్టానికి ఒక ముక్క, తలుపుకు ఒక అయస్కాంతం ముక్క, అంతే. తలుపు తెరిస్తే రెండూ విడిపోయి సైరన్ మోగుతుంది. ధర తక్కువ, పిల్లి ఎంత ఎగిరినా దానికి పట్టదు. ముందు తలుపు, వెనక తలుపు, మిద్దె తలుపు, మూడింటికీ పెట్టించు. ఆ వేడి పెట్టెను మాత్రం బీరువా ఉండే గదిలో పెట్టి, ఆ గది తలుపు మూసెయ్. కుక్కకు హాలూ వంటిల్లూ చాలు.

ఇంక తిరుమలకో పెళ్లికో రెండు మూడు రోజులు పోయేటప్పుడు పోలీసోళ్ల ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉండనే ఉంది. తాళం వేసి పోతా ఉండామని ముందుగా యాప్‌లో చెబితే వాళ్లే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, డబ్బులేమీ తీసుకోరు. లోపల ఏదైనా కదిలితే కంట్రోల్ రూముకు కబురు పోతుంది. 2022 ఏప్రిల్ నుంచి మనం నెల్లూరు కాదు గదా, తిరుపతి జిల్లా పోలీసుల కిందికొస్తాం. గానీ అది ఖాళీ ఇంటికి పెట్టేది. పిల్లిని లోపలేసి పోతే పాపం ఆ కానిస్టేబుల్‌ను అర్ధరాత్రి పిల్లి కోసం పరిగెత్తించినట్టు. పిల్లిని మా ఇంట్లో వదిలిపో, రెండు చేప ముక్కలు నేనేస్తా.

ఆ మిద్దింటోళ్లకు కూడా నువ్వే చెప్పాలి, నీ మాటైతే వింటారు. సైరన్ ఊరికే మోగతా ఉంటే "నాన్నా పులి" కథే అవుతుంది, నిజం దొంగొచ్చిన రోజు ఎవరూ దుప్పటి తియ్యరు. బిగించినోణ్ణి మళ్లీ పిలిచి, కుక్కనూ పిల్లినీ గదిలో వదిలి, సోఫా మీదా బీరువా మీదా బిస్కట్ ముక్కలు పెట్టి ఎక్కించి, పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుందో లేదో వాడి కళ్లెదుటే చూడమను. వెలిగితే చోటు మార్పించాల్సిందే. నువ్వు పెట్టించుకునేటప్పుడు మాత్రం ఇట్లా చూసేదాకా డబ్బులివ్వొద్దు, గుర్తుపెట్టుకో, వదినా.