లైప్‌జిగ్ నుంచి శక్కర్‌నగర్‌కు

లైప్‌జిగ్, అక్టోబర్ నెలాఖరు

అమ్మకు, బాపుకు,

నేను మంచిగున్న. మొన్న ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పిన్రు. ఇన్నొద్దులు మీరు మాకంటే మూడున్నర గంటలు ముందుంటిరి, ఇగ మార్చి దాకా నాలుగున్నర. మన బోధన్‌ల రాత్రి తొమ్మిదిన్నర అయితే ఇక్కడ సాయంత్రం ఐదు. అప్పుడు ఫోన్ చేయుండ్రి.

రోజూ వద్దమ్మా, ఆదివారం చాలు. కోపం చేయకు. హాస్టల్ల తెలుగోళ్లున్నరు, పొద్దంతా మన మాటల్లనే వెళ్లదీయొచ్చు. గట్లయితే జర్మన్ ఎన్నటికీ నాలుక మీదికి రాదు. నేను చదివే హెర్డర్ ఇన్‌స్టిట్యూట్ 1956 నుంచి పరదేశపు పిల్లలకు ఈ భాష నేర్పుతున్నది. నా పక్కన సిరియా పిల్ల, వియత్నాం పిలగాడు. మా ముగ్గురికి కలిసేది వచ్చీరాని జర్మన్ ఒక్కటే. దానితోనే వాళ్ల అమ్మలు ఏం వండుతరో తెలుసుకున్న.

జైట్స్, నవంబర్

బాపూ,

ఇది నీకే. లైప్‌జిగ్‌కు దక్షిణాన ఉన్న ఈ ఊర్లె చక్కెర ఫ్యాక్టరీ ఉందంటే రైలెక్కి వచ్చిన. గేటు బయటనుంచే చూసిన. లారీల నిండ దుంపలు, మన కూరల బీట్‌రూట్ లెక్క ఎర్రగ కాదు, తెల్లగ. చెరుకును పిండినట్టు వీటిని పిండే రోలర్లు ఉండవట. సన్నగ తరిగి, డెబ్బై డిగ్రీల వేడినీళ్లల్ల నానబెట్టి తీపి గుంజుతరు. సున్నంతోని రసం శుద్ధిచేసుడు మాత్రం మన తీరే. మన దగ్గర చెరుకు పిప్పి బాయిలర్‌కు పోయేది. ఇక్కడి పిప్పి పశువుల దాణాకు పోతది, బాయిలర్‌కు వేరే ఇంధనం కొనాలె. సెప్టెంబర్ నుంచి జనవరి దాకా రాత్రింబవళ్లు నడుస్తదట.

పొగగొట్టం చూస్తుంటే నువ్వే యాదికొచ్చినవు. 1937ల నిజాం పెట్టిన మన శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డంక నువ్వు దాని ముచ్చట తీయనేలేదు. ఫోన్ల 'తిన్నవా, చలి ఉన్నదా' అనేసరికే మన మాట అయిపోతది. చిన్నాయన దుబాయ్‌ల ఉన్నప్పుడు క్యాసెట్ నింపి, నిజామాబాద్ వచ్చేటోళ్లతోని పంపుతుండె. ఇంటిల్లిపాది టేప్‌రికార్డర్ చుట్టూ కూసుని వింటుంటిమి. ఆ క్యాసెట్ల ఆయన పని, జీతం, గుబులు అన్నీ ఉండేటివి. ఫోన్ల మొఖాలు చూసుకునే మనకు అంత ముచ్చట లేకపాయె.

క్లాసుల మన ఊరి గురించి చెప్పే నా వంతు డిసెంబర్‌ల వస్తది. నిజాంసాగర్ కాలువ, చెరుకు, షిఫ్టులు జర్మన్‌ల చెప్పాలనుకుంటున్న. సీజన్ల నీ పని ఎట్ల నడిచేదో, మూసేసిన నాడు గేటుకాడ ఏమైందో నీ చేతిరాతతోని రాయి. ఫోటో తీసి వాట్సాప్‌ల పెట్టినా సరే, ఈ నెలాఖరుకల్లా పంపు.